నక్షాలో లేని అర్ర

మా జిల్లాలోని పాత కోర్టు భవనాల మీద పుస్తకం తయారుచేస్తున్నానంటూ ఒక అమ్మాయి ఆ మధ్య మా ఇంటికి వచ్చింది. భవనాల గురించి చదువుకున్న పిల్ల. చేతిలో కొలతల టేపు, భుజాన కెమెరా, తాలూకాలన్నీ ఎండలో తిరిగి కమిలిపోయిన ముఖం. ఒక ఊళ్లో కోర్టు ఎవరో సర్దారు కట్టుకున్న వాడాలో, పెద్ద లోగిలిలో, నడిచిందట, గుర్రాలు కట్టేసే సాలలో దస్త్రాలు పెట్టుకున్నారట. ఇంకో ఊళ్లో ధాన్యం గోదాముకే రెండు కిటికీలు పొడిచి కోర్టు చేశారట. ఇవన్నీ ఉత్సాహంగా చెప్పుకొచ్చి, మన పెద్ద కోర్టు మాత్రం మొదటి నుంచీ కోర్టు కోసమే కట్టినది, మీరు చిన్నప్పుడు దాని లోపలికి వెళ్లేవారట కదా, ఏమైనా చెప్పండి అని అడిగింది. చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ముందు నన్ను అక్కడికి తీసుకెళ్లు తల్లీ అన్నాను. ఇన్నేళ్లూ అదే ఊళ్లో ఉండి, ఆ వీధిలోంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయిన మనిషిని.

కోర్టు కొత్త భవనంలోకి మారిపోయింది. పాతదానికి తాళం. కాపలా మనిషి గొణుక్కుంటూ తలుపు తీశాడు. నల్లరాతి గోడలు చెక్కు చెదరలేదు, పైన మంగళూరు పెంకులు మాత్రం అక్కడక్కడ జారాయి. మెట్లు మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. ఎంతమంది ఎన్ని వాయిదాలకు ఎక్కి దిగితే రాయి అట్లా అరుగుతుంది! వరండా కమానులను లెక్కపెట్టాను. మధ్య వాకిలికి ఎడమన ఐదు, కుడిన నాలుగు. కుడివైపు ఐదో కమాను ఉండవలసిన చోట మేడమెట్లు. ముందు రెండువైపులా ఐదేసి కట్టారనీ, పైన దస్త్రాల గది వేసినప్పుడు ఒకటి మూసి మెట్లు పెట్టారనీ, రాళ్ల అతుకు చూస్తే తెలిసిపోతుందనీ ఆ అమ్మాయి వివరించింది. మా బాపు, అంటే మా నాన్న, ఉండి ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కట్టిన మేస్త్రీకి లెక్క తప్పిందనే ఆయన తీర్పు. ఆ కమానులను ఆయన మొదటిసారి నా చేత లెక్కపెట్టించినప్పుడు నాకు పన్నెండేళ్లుంటాయేమో.

అప్పుడు మేము దాజీపేటలో ఉండేవాళ్లం. మా తాత కరీంనగరం వైపు నుంచి పిల్లలను, మగ్గం సామానును బండికెత్తుకుని ఈ మరాఠీ ఊరికి వచ్చి కట్టుకున్న ఇల్లది. మధ్యలో సందు, సందుకు అటూ ఇటూ ఒకే తీరు కట్టడం: ముందు మగ్గాల సాల, దాని వెనక వంటిల్లు, ఆ వెనక వాకిలి. కుడి సగంలో మేము, ఎడమ సగంలో బాపు తమ్ముడు మల్లేశం కాక. వెనక రెండు వాకిళ్లకూ నడుమ చేదబావి. తెల్లవారుతూనే గంజి ఉడికే వాసన, దాని మీదుగా జొన్నరొట్టె కాలే వాసన, ఆ తర్వాత రోట్లో పల్లీల కారం దంచుతుంటే ముక్కుపుటాలు అదిరే ఘాటు. ఇల్లంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు ఆగితేనే మా అమ్మ ఉలిక్కిపడి ఎవరికేమైందని బయటికి వచ్చేది. బాపు చేతులకు ఎప్పుడూ రంగు అంటుకుని ఉండేది. అన్నం కలిపితే ముద్దకు కూడా అంటుతుందని మాకు అనుమానం.

కాక వైపు వాకిట్లో, వెనక గోడకు ఆనించి ఒక చిన్న అర్ర, ఒంటి గది, ఉండేది. అది మా లచ్చత్తది. బాపుకూ కాకకూ అక్క. తల్లి పోయాక ఆ ఇద్దరినీ చంకనొకణ్ణి, చేతనొకణ్ణి పెట్టుకుని పెంచింది ఆమే. ఆమె మొగుడు బొంబాయి మిల్లులో పని చూసుకుని వచ్చి తీసుకెళ్తానని పోయినవాడు మళ్లీ రాలేదు. బొట్టు తీయాలో ఉంచాలో చెప్పేవాళ్లు లేక ఉంచుకుంది. తమ్ముళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాక ఎవరి వంటింట్లోనూ కూర్చోనంది. అప్పుడు ఆ ఇద్దరూ మగ్గాలు ఆపి, షాబాదు బండలు మోసుకొచ్చి, పైన రేకులు వేసి ఆమెకు ఆ అర్ర కట్టారు. దానికి తన పొయ్యి తనకు, తన గూడు తనకు. తలుపు పొట్టిది, నాలాంటి పొడుగు పిల్ల వంగి దూరాలి. పిలవకుండా దూరితే తిట్లు తప్పవు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని మిశ్రీతో పళ్లు రుద్దుకునేది. మాడ్చిన పొగాకు వాసన వస్తే అత్త లేచిందని తెలిసేది. తర్వాత రాట్నం ముందేసుకుని రెండు ఇళ్ల మగ్గాలకూ నూలు కండెలు చుట్టేది. ఒక కండె మాకు, ఒక కండె కాకకు. ఆ వంతు ఏనాడూ తప్పలేదు.

బాపు మగ్గం కంటే నక్షాకు పేరు పడ్డ మనిషి. చద్దర్ల మీద, గోడకు తగిలించే బట్టల మీద పువ్వులూ నెమళ్లూ దిగాలంటే ముందు గడుల కాగితం మీద గీయాలి. ఒక్కొక్క గడి ఒక్కొక్క దారం. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీది జకార్డు యంత్రానికి ఎక్కిస్తారు. ఇందులో మా వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు ఒకటుంది. బొమ్మ అటూ ఇటూ ఒకే తీరు ఉండేదైతే మొత్తం గీయరు. మధ్య గీత దాకా సగం గీసి ఆపేస్తారు. మిగతా సగం మగ్గమే తిప్పి నేస్తుంది. అందుకే మా పేటలో ఏ నక్షా చూసినా సగం నెమలి, సగం గోపురం, సగం పూలకుండీ. బయటివాళ్లకు వింతగా ఉండేది గానీ మా కళ్లకు ఆ సగంలోనే నిండు బొమ్మ కనిపించేది. చిన్నతనంలో ఎక్కడైనా నిండు బొమ్మ గీసి ఉంటే, ఇంత కాగితం దండుగ చేశారేమిటా అనుకునేదాన్ని.

అన్నదమ్ముల మధ్య తగాదా మరమగ్గాలతో వచ్చింది. కాక ఆ సాంచాలు పెడతానన్నాడు. అందుకు గుంత మగ్గాలు పూడ్చి నేల చదును చేయాలి. తాత తవ్విన గుంతలు పూడ్చనివ్వనని బాపు భీష్మించాడు. కులపెద్దలు మార్కండేయ గుడి మండపంలో జంపఖానా పరిచి రెండు మూడు సార్లు కూర్చోబెట్టారు. అక్కడ పెద్దా చిన్నా అందరూ ఒకే ఎత్తున, చాయ్ తాగుతూ, తాతల ముచ్చట్లు తవ్వుకుంటూ మాట్లాడేవాళ్లు. అందుకేనేమో ఏదీ తెగలేదు. చివరికి ఇల్లు పంచిపెట్టమని కాక కోర్టుకెక్కాడు. కోర్టు మెట్లెక్కడమంటే మా ఇళ్లలో అప్పటికి చావు కబురు లాంటిది. మా అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. లచ్చత్త మాత్రం ఆ రోజు కూడా ఇద్దరికీ సమానంగా కండెలు చుట్టి పంపింది.

బాపుకు మరాఠీ మాట వచ్చు గానీ అక్షరం రాదు. నేను మరాఠీ బడిలో చదివేదాన్ని గనుక ప్రతి తారీఖుకూ నన్ను వెంట పెట్టుకుని వెళ్లేవాడు. గోడకు అతికించిన జాబితాలో మా పేరుందో లేదో చదవడం నా పని. చాలాసార్లు ఉండేది, పిలుపు మాత్రం వచ్చేది కాదు. అట్లా ఆ భవనం నాకు బడికంటే ఎక్కువ పరిచయమైపోయింది. ఎత్తైన కప్పు, పాత పంకా లాగే తాడు దూరడానికి గోడలో చేసిన రంధ్రం, టేకు కటకటాలు, వాటి మీద చేతుల చెమటకు నునుపు తేరిన మరకలు. న్యాయాధికారి కూర్చునే అరుగు మా ఇంటి అటకంత ఎత్తు. సాక్షి నిలబడే బోను మాత్రం మన నడుం దాకా మింగేస్తుంది. వరండాలో కూర్చునే ముసలి కక్షిదారులు ఆ కోర్టు పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునేవాళ్లు. దొరలు కట్టించారని ఒకరు, కరువు పనుల కింద గంజి పోసి కట్టించారని ఒకరు, ఈ రాయి పాత కోటగోడదని ఒకరు. ఎవరి కథ వాళ్లది. బాపు ఏ కథా వినేవాడు కాదు. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని ఆ కమానులను చూస్తూ, ఎడమన ఐదు పెట్టి కుడిన నాలుగు పెట్టినవాడు పనిమంతుడెట్లా అవుతాడని నొచ్చుకునేవాడు. ఒక వాయిదా రోజున ఆ కోర్టు బొమ్మను గడుల కాగితం మీద గీశాడు, గోడబట్టకు పనికొస్తుందని. ఎడమ సగమే గీశాడు. నేస్తే రెండువైపులా ఐదేసి కమానులు వస్తాయి. మేస్త్రీ చేసిన తప్పు తాను దిద్దానని ఎంత సంతోషించాడో! నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఇంతలో ఇల్లు చెరి సగం పంచుకుందామని అన్నదమ్ములిద్దరూ రాజీకి ఒప్పుకున్నారు. అందుకు మా వకీలు ఇంటి నక్షా కావాలన్నాడు. ఎవరి సగం ఏదో, ఏ అర్ర ఎవరిదో కాగితం మీద ఉండాలి, ఎవరికైనా విడిగా హక్కుంటే అదీ గుర్తు పెట్టి తీసుకురండి అన్నాడు. నక్షా అనే మాట విన్నాక బాపు ఇంకొకరి చేత గీయిస్తాడా? మా సగంలో జానెడు జానెడు కొలిచి, మగ్గాల సాల, వంటిల్లు, వాకిలి, వాకిట్లో నీళ్లు పోసుకునే జాలారు, అన్నీ చక్కగా గీశాడు. మధ్య సందు దాకా గీసి ఆపేశాడు. కోర్టు ఆవరణలో కూర్చునే దస్తావేజు లేఖరి ఆ సగాన్ని పల్చటి కాగితం మీదికి దించి, మధ్య గీత దగ్గర మడిచి, తిరగేసి రెండో సగం ఎత్తి రాశాడు. విప్పి చూస్తే చద్దర్ అంచులా కుదిరింది. ఒక్కొక్క గదిలో మరాఠీలో పేర్లు నేను రాశాను. మగ్గాల సాల అక్కడా ఇక్కడా, వంటిల్లు అక్కడా ఇక్కడా. వాకిళ్ల దాకా వచ్చేసరికి నా కలం ఆగింది. కాక వైపు జాలారు లేదు కదా బాపూ అన్నాను.

"లేకుంటేంది బిడ్డా, రేపు కట్టుకుంటడు. నక్షాల రెండు దిక్కుల బరోబర్ ఉండాలె" అన్నాడు బాపు.

ఆయన ముఖంలోని ఆనందం చూసి నేనూ నవ్వి, అక్కడ లేని జాలారుకు కూడా పేరు రాశాను. లేనిది కాగితం మీద ఉందని చూశానే గానీ, ఉన్నది లేదని చూడలేదు. లచ్చత్త అర్ర మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మరిచిపోయామంటే కూడా నిజం కాదు. అది ఎప్పటికీ అత్తదే అని అంత గట్టిగా తెలిసి ఉండడం వల్ల, పంచుకునే ఇంటిలో దాన్ని కలపాలన్న తలంపే ఎవరికీ రాలేదు. ఆడపిల్లకు వాటా లేని కాలం. ఆమెను ఎవరూ కోర్టుకు పిలవలేదు, ఆమె అడగనూ లేదు. కాక కూడా ఆ కాగితం చూసి సంతకం పెట్టాడు. ఆయన చూసీ ఊరుకున్నాడో, ఆయన కళ్లు కూడా మా కళ్ల లాంటివేనో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఏం లాభం?

రాజీ నమోదు చేసే రోజున బాపును బోనులో నిలబెట్టారు. న్యాయాధికారి మంచి మనిషి. నక్షా బాపు ముందుకు పంపించి, తొందరేమీ లేదు, ఇంకోసారి నిదానంగా చూసుకోండి, అంతా సరిగా ఉందా అని మరాఠీలో అడిగాడు. ఆ ఒక్క క్షణం నాకు అచ్చంగా గుర్తుంది. పైన పావురాలు రెక్కలు కొట్టుకుంటున్నాయి. బాపు కాగితం వైపు చూడనేలేదు. ఆయన గీసిన గీతను అనుమానించినట్టు తోచిందేమో, మెడ నిటారుగా పెట్టి ఒకటే మాటన్నాడు, నా నక్షాలో తప్పుండదు సాహెబ్ అని. గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు. కోర్టు వరండాలో ఆ రోజు అన్నదమ్ములిద్దరూ చాలా కాలానికి కలిసి చాయ్ తాగారు. నేను నడుమ కూర్చున్నాను. నాకు ఆ రోజు పండగలా ఉంది.

ఏడాది తిరక్కముందే కాక సాంచాల సంబరం చల్లారింది. తన సగాన్ని ఒక నూలు షావుకారుకు అమ్మి, పెళ్లాం పిల్లలతో జోడ్‌భావిపేటకు మారిపోయాడు. షావుకారు కూడా మన తెలుగువాడే, మర్యాదస్తుడు. వాకిలంతా కలిపి పెద్ద షెడ్డు వేయాలనుకున్నాడు. కొలతలు తీయించేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది మా నక్షాయే. అందులో వెనక గోడ దాకా ఖాళీ వాకిలి, ఒక మూల జాలారు. అక్కడ అర్ర ఏమిటి, అందులో ఈ ముసలమ్మ ఎవరు అని ఆయన కాక ఇంటికి కబురు పంపాడు. అక్కను పొమ్మనడానికి నాకు నోరు రాదు, కాగితం ప్రకారం మీరే చూసుకోండి అన్నాడట కాక. బాపు పరుగున వకీలు దగ్గరికి వెళ్లాడు. నక్షాలో అక్క అర్ర తప్పిపోయిందని అర్జీ పెట్టారు. అదే కోర్టు, అదే బోను. ఈసారి గుమాస్తా పాత కాగితం తీసి, బాపు అన్న మాటను బాపుకే చదివి వినిపించాడు. నక్షాలు గీయడమే నీ వృత్తి కదా, ఇన్నేళ్లలో ఎప్పుడైనా తప్పు గీశావా అని షావుకారు వకీలు అడిగాడు. సగం గీస్తే మొత్తం వస్తుందని మేం పుట్టినప్పటి నుంచీ నమ్ముతున్నామని ఆ ఎత్తు అరుగు మీది మనిషికి ఏ భాషలో చెప్పాలి? బాపు బోను కటకటాలు వదిలి దిగి వచ్చేశాడు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన పక్కన కూర్చుని, జాలారు సంగతి నేను గట్టిగా అని ఉంటే అత్త అర్ర కూడా గుర్తొచ్చేది, ఈ ఏడుపు ఉండేది కాదు కదా అని నేనూ ఏడ్చాను.

అర్జీ కొట్టేశారు. అర్ర ఖాళీ చేయించడానికి కోర్టు బెలీఫు ఒక ఉదయం వచ్చాడు. లచ్చత్త గుమ్మంలో రాట్నం తిప్పుతూ ఉంది. అతను నక్షా విప్పి, అర్రనూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, తలకిందులుగా పట్టుకుని కూడా చూసి, ఇబ్బందిగా నిలబడ్డాడు. అత్త దారం తెంపి లేచింది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితంలో నా అర్ర ఎక్కడుందో చూపించమని అడిగింది. అతను బాపు వైపు చూశాడు. బాపు నా వైపు చూశాడు. నేనే చెప్పాను, లేదత్తా అని. ఆమె లోపలికి వెళ్లి, పొయ్యి మీది కుండ దించి, నిప్పు మీద నీళ్లు చల్లి, ట్రంకు పెట్టె తెచ్చి మా వాకిట్లో పెట్టుకుంది.

బాపు ఆ బండలనే ఊడదీసి తెచ్చి మా వాకిట్లో ఆమెకు అర్ర కడతానన్నాడు. రేపటి నుంచే మొదలుపెడతానని, అంతవరకు వంటింట్లో ఉండమని ఆమె కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు.

"ముందుగాల కాగితం మీద పెట్టు తమ్మీ. అటెన్క కట్టు" అంది అత్త.

ఆమె జీవితంలో ఆయనను తప్పుపట్టి అన్న ఒకే ఒక్క మాట అది. బాపు ఆ రాత్రే కూర్చుని మా సగం ఇంటిని మళ్లీ గీశాడు. జాలారు, బావి, వాకిలి, వాకిట్లో అత్త అర్ర, దానికి పొట్టి తలుపు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఏ నక్షానూ సగం గీయలేదు. నెమలి అయినా గోపురమైనా రెండువైపులా గడి గడీ నింపేవాడు. పని రెండింతలు, గిరాకీ సగం. పేటలో వాళ్లు ఆయనకు మతి చలించిందనుకున్నారు. మా అమ్మ కూడా కొంతకాలం అట్లాగే అనుకుంది.

ఆ అమ్మాయి గోడలు కొలుచుకుంటూ ఉంటే నేను గుంటపడ్డ ఆ మెట్ల మీదే కూర్చుని ఇవన్నీ తలచుకున్నాను. ఇప్పుడు ఇళ్లకు పటాలుంటాయి, ఫొటోలుంటాయి, ఆడపిల్లలకు వాటాలూ ఉన్నాయి. మా మనవరాలు తన వాటా కాగితాలు ఫోనులో తీసి చూపిస్తుంది, అందులో ఎక్కడ వేలు పెట్టినా దాని పేరుంటుంది. మంచి కాలమే వచ్చింది. కాదనను. దాజీపేటలో మా ఇల్లున్న చోట ఇప్పుడు మూడంతస్తుల కార్ఖానా. పొద్దున ఎవరూ మిశ్రీ రుద్దుకోరు, ఏ గుమ్మంలోనూ రాట్నం తిరగదు. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరుకోను. ఆ గుమ్మం ఒక్కటి ఉంటే చాలనిపిస్తుంది.

బాపు కొత్త నక్షా పూర్తి చేసిన మర్నాడు అత్త నన్ను పిలిచి, అందులో తన అర్ర ఎక్కడో చూపించమంది. చూపించాను. అక్కడ నా పేరు రాయి అంది. రాశాను. ఏది నా పేరో వేలు పెట్టించు అంది. ఆమె వేలు పట్టి అక్షరాల మీద నడిపించాను. పత్తి దుమ్ముతో గరుకెక్కిన వేలు. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వచ్చి, నాలుగైదు సార్లు అట్లా చదువుకుంది. తర్వాత ఆ కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుని, ట్రంకు పెట్టె ఎత్తించుకుని, భివండిలో ఉన్న తన చిన్నమ్మ కూతురి దగ్గరికి రైలెక్కింది. బాపు కట్టడానికి తెచ్చిన బండలు వాకిట్లోనే ఉండిపోయాయి. ఆమె మళ్లీ రాలేదు. మొదటి నక్షాలో ఇంటిలోని ప్రతి గదికీ, లేని జాలారుకు సైతం, నా చేత్తోనే పేరు రాశాను. ఆమె పేరు రాయమని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.